నాగవేణమ్మకు విమానం

శుక్రవారం పొద్దున ఫోన్ మోగేసరికి సిద్దమ్మ వెదురు బొంగును కాళ్ల మధ్య బిగించి నిలువునా చీలుస్తోంది. చీలికను సగంలో ఆపితే బద్ద వంకరపోతుంది. అందుకని ఫోన్‌ను దాని మానాన మోగనిచ్చి, కత్తిని చివరిదాకా దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని అప్పుడు ఎత్తింది.

"సిద్దక్కా, నేను వెంకటేశులు. ఆదోని నుంచి. రాఘవేంద్రన్న దలాలి అంగట్లో గుమాస్తాని."

"సెప్పప్పా."

"నాగవేణమ్మకు విమానం కావాల."

సిద్దమ్మ చేతిలోని కత్తి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

"ఎప్పుడప్పా?"

"రేపే అక్కా, శనివారం."

ఎప్పుడు పోయిందని అడిగితే ఎప్పుడు ఎత్తుతారో చెబుతున్నాడు, పాపం వీడికీ బుర్ర పనిచేయడం లేదనుకుంది సిద్దమ్మ. "ఏమైందప్పా ఉన్నట్టుండి?"

"ఉన్నట్టుండి ఏముందక్కా, గుండె గదా. శానా దినాల నుంచి ఉండేదే." వెనకాల మార్కెట్ యార్డులో పత్తి బోరాలు దించే హమాలీల కేకలు, లారీ హారను. సగం మాటలు వినపడుతున్నాయి, సగం పోతున్నాయి.

"దూరమెంత?" అని అడిగింది. ఇది ఆమె ఏ ఇంటివాళ్లనైనా అడిగే ప్రశ్నే. మోసే దూరాన్ని బట్టి కట్లు వేయాలి మరి.

"గంటా పది నిమిషాల్లో పోతాదంట."

"గంటా పది నిమిషాలా! అంతసేపా అప్పా!"

"ఇంగ దానికన్నా తక్కువ లేదక్కా, అందరినీ అడిగి సూసినాం." వెంకటేశులు గొంతు పెంచాడు. "ఇంగో మాట. కిటికీ పక్కన ఉండాలంట. బయటికి సూస్తా పోవాలని అమ్మ అడిగింది."

"అడిగిందా?"

"అదొక్కటే అడిగింది. పేరు రాసుకో, నాగవేణి. వయసు అరవై మూడు. రేపు తొమ్మిదికంతా ఇంటికి తెచ్చియ్యల్ల. అన్న ఊర్లో లేడు, నువ్వే సూసుకో అక్కా." ఫోన్ పెట్టేశాడు.

లింగాయతుల ఇళ్లల్లో పోయిన మనిషిని పడుకోబెట్టి తీసుకుపోరు. వెదురుతో కుర్చీ మాదిరి గద్దె కట్టి, నాలుగు మూలలా గుంజలు నిలిపి, పైన కమాను వంచి, పూలు చుట్టి, అందులో కూర్చోబెట్టి మోసుకుపోతారు. మొగం అందరికీ కనపడాలి. ఆ కట్టడాన్నే విమానం అంటారు. ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా విమానం అంటే మేదరి సిద్దమ్మదే. ముప్ఫై ఏళ్లుగా ఫోన్‌లో విమానం అన్న మాట వినపడిందంటే, ఎక్కడో ఒక ఇంట్లో పొయ్యి ఆరిందని లెక్క. ఆ ఇంటికి మళ్లీ ఫోన్ చేసి నిజమేనా అని అడిగే అలవాటు ఆమె అత్తకూ లేదు, ఆమెకూ లేదు. చావింటిని రెండోసారి అడగరు.

కానీ ఈసారి పోయింది నాగవేణి టీచరమ్మ! సిద్దమ్మ కొట్టం పక్కనున్న బడిలో ఇరవై ఏళ్లు సైన్సు చెప్పిన మనిషి. సిద్దమ్మ కూతురు రాణి ఏడో తరగతిలో బడి మానితే, చెవి పట్టుకుని లాక్కుపోయి మళ్లీ కూర్చోబెట్టిన మనిషి. గ్రహణం రోజు పిల్లలందరినీ బయట నిలబెట్టి ఉప్మా తినిపించి, తల్లులందరి చేతా తిట్లు తిన్న మనిషి. సిద్దమ్మ కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే బొంగులు ఏరడం మొదలుపెట్టింది.

రాణి ఇదే కొట్టంలో ముందు వైపు కంప్యూటర్ పెట్టుకుని ఆధార్ పనులు, ప్రింట్లు చేస్తుంది. ఏదో పరీక్ష రాయడానికి రెండు రోజుల కిందట కర్నూలు పోయింది. చెబితే రాసేది కూడా రాయకుండా వస్తుంది, రేపు మధ్యాహ్నం బస్సు దిగినాక చెబుదాంలే అనుకుని సిద్దమ్మ ఆమెకు ఫోన్ చేయలేదు.

గంటా పది నిమిషాలు భుజాల మీద పోవాలి. హాలహర్వి దోవలో ఉన్న వాళ్ల చేను దాకా కాబోలు. అంత దూరానికి మామూలు కట్లు చాలవు. మోసేవాళ్లు భుజం మార్చుకునేటప్పుడు గద్దె ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకని అడుగున రెండు అడ్డబద్దలు ఎక్కువ వేసింది. ఎవరో పసిబిడ్డ తొట్టెలకని చెప్పిపెట్టుకున్న పచ్చి వెదురు ఉంటే, వాళ్లకు మళ్లీ తెచ్చియ్యొచ్చులే అని అదే తీసింది. కమానుకు బద్దల్ని సెగ మీద తిప్పుతూ వంచింది. కుడి పక్క గుంజల మధ్య చదరంగా ఖాళీ వదిలి, దాని చుట్టూ సన్నటి బద్దలు అల్లింది. టీచరమ్మ అడిగిన కిటికీ. ముప్ఫై ఏళ్లలో ఎవరూ ఇలాంటిది అడగలేదు. పోయేటప్పుడు కూడా ఊరు చూస్తూ పోవాలనుకుందే మహాతల్లి అని ముక్కు చీదింది.

గద్దె మీద పరిచే బద్దలకు ఈనెలు లేచి ఉంటాయి. గాజుపెంకుతో ఒక్కొక్క దాన్నీ గీకి నున్నగా చేసింది. పక్కింటి ఏసన్న గడపలో నిలబడి చూశాడు. అతనికి సామాన్లు తోలే ట్రాలీ ఆటో ఉంది.

"అక్కా, సచ్చినోళ్లకి ఈనె గుచ్చుకుంటాదా? ఇంత గీకుతాండావు?"

"నోర్ముయ్యప్పా. రేపు ఎనిమిదికి ఆటో పెట్టు."

శనివారం పొద్దున బంతిపూలు, అరటి బోదెలు కట్టి, విమానాన్ని ట్రాలీలో నిలబెట్టి, పడిపోకుండా తాళ్లు బిగించి, సిద్దమ్మ కూడా దాని పక్కనే నిలబడి ఆదోనికి వచ్చింది. రోడ్డు మీద ఎదురొచ్చిన వాళ్లు మోటారు సైకిళ్లు ఆపి చెప్పులు విడిచి దండం పెట్టారు.

ఇంటి ముందుకు వచ్చేసరికి ఆమెకు ఒళ్లు మండింది. కుర్చీలు లేవు, మనుషులు లేరు, డప్పు లేదు. పైగా వాకిట్లో ముగ్గు! చావింట్లో ముగ్గు వేసిన ఆడది ఎవతో గానీ, దాని చెయ్యి పడిపోను! పెద్ద బడిపంతులమ్మ, ఎంతమంది పిల్లలకు చదువు చెప్పింది, ఒక్కరైనా రాలేదే! ఏసన్న, తానూ కలిసి విమానాన్ని గేటు పక్కన దించారు. వేరే బాడుగ ఉందని ఏసన్న వెళ్లిపోయాడు.

మామూలు రోజుల్లో అయితే సిద్దమ్మ ఆ ఇంటి మెట్టు మీదే కూర్చుని, ఇచ్చిన చాటలకు ధర మాట్లాడుకుని వెళ్లిపోతుంది. చావు రోజున మాత్రం నేరుగా నడింట్లోకి పోతుంది, ఎవరూ ఆపరు. ఎనిమిదేళ్ల కిందట టీచరమ్మ భర్త పోయినప్పుడు అలాగే పోయింది. ఇప్పుడూ అలాగే చెప్పులు విడిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "టీచరమ్మా, మమ్మల్నందరినీ ఇడిసిపెట్టి పోయినావా తల్లీ" అని గొంతెత్తి ఏడుస్తూ లోపలికి వెళ్లింది.

నడింట్లో నాగవేణమ్మ కుర్చీలో కూర్చుని, మాత్ర నోట్లో వేసుకోబోతోంది.

మాత్ర నేల మీద పడి దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. సిద్దమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. గోడ పట్టుకుంది. చచ్చిన మనిషి లేచి కూర్చుందా, తనకే మతి పోయిందా!

"ఏమే సిద్దమ్మా, ఎవరు పోయినారు?" అంది నాగవేణమ్మ, ఆదుర్దాగా లేవబోతూ.

సిద్దమ్మకు జవాబు చెప్పే పని లేకుండా పోయింది. వాకిట్లోంచి బసమ్మ పెట్టిన కేక వీధి మొత్తానికీ వినపడింది. బసమ్మ నాగవేణమ్మకు ఆడపడుచు, ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి. గేటు పక్కన పూలతో సింగారించి నిలబడ్డ విమానాన్ని చూసి, గేటు ఊచలు పట్టుకుని అరుస్తోంది. కోడలు కృతి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి బయటికి చూసి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే వెంకటేశులు కారు తెచ్చి గేటు ముందు ఆపాడు. దిగీదిగక ముందే, "సిద్దక్కా, తెచ్చినావా టికెట్టు?" అన్నాడు.

"ఏం టికెట్టప్పా?"

"విమానం టికెట్టు అక్కా! ఓర్వకల్లు నుంచి విజయవాడకి. నీ కొట్టం మీద బోర్డు రాయించినారు గదా, రైలు టికెట్లు, విమానం టికెట్లు అని. దాని మీదుండేది నీ నంబరే గదా!"

బోర్డు రాణి రాయించింది. సిద్దమ్మకు చదువు రాదు. విమానాలు అన్న మాట ఆ బోర్డు మీద ఇరవై ఏళ్ల నుంచీ ఉంది, ఇప్పుడు దాని పక్కన ఇంకో నాలుగు మాటలు చేరాయి, అంతే అనుకుంది.

"నువ్వు విమానం అంటివి," అంది సిద్దమ్మ. "తెస్తి."

వెంకటేశులు అప్పుడు చూశాడు గేటు పక్కకు. చూసి, కారు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

కృతి సిద్దమ్మ ఫోన్ తీసుకుని రాణికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టింది. విషయం అర్థమయ్యేసరికి రాణి అరిచింది. "ఓమ్మో! గంటా పది నిమిషాలంటే గాలిలో పొయ్యేది మా, మోసేది కాదు! మూడొందల కిలోమీటర్లది!" వెంటనే గొంతు మార్చి, "అక్కా, లైన్లో ఉండండి," అని ఏవో నొక్కుతూ పోయింది. రెండు నిమిషాల తర్వాత మళ్లీ పలికింది. "ఒకే ఒక్క సీటుంది. నడవ పక్కది. టికెట్టు తీసేసినా. ఐదుంబావుకు ఎగురుతాది, నాలుక్కంతా ఆడుండల్ల."

సీటు దొరికింది. అక్కడికి తప్పు తీరిపోయిందని సిద్దమ్మ అనుకుంది. తీరలేదు.

"ఇంటి ముందర విమానం దించుకుని ప్రయాణమా?" అంది బసమ్మ. మెట్ల మీద అడ్డంగా కూర్చుంది. "పోనిచ్చేది లేదు. సోమవారం పోదురు."

సోమవారం పోయి లాభం లేదు. సోమవారం పొద్దున్నే విజయవాడలో ఆపరేషన్. ఆ డాక్టరు తర్వాత ఇరవై రోజులు దొరకడు. ఇరవై రోజులు ఆగే గుండె కాదని ఆదోని డాక్టరు చెప్పేశాడు. రోడ్డు మీద నాలుగొందల యాభై కిలోమీటర్లు, పదిగంటల కుదుపు, ఆ మాటే తలపెట్టొద్దన్నాడు. కర్నూలు దగ్గరున్న ఓర్వకల్లు దాకా కారులో మెల్లగా పోయి, అక్కడి నుంచి విమానంలో గంట, అదొక్కటే దారి. ఆ విమానమూ వారానికి మూడు రోజులే. కొడుకు రాఘవేంద్ర ముందుగా రైల్లో పోయి ఆసుపత్రిలో చేరాల్సిన కాయితాలు రాయించుకుంటున్నాడు. ఇవన్నీ కృతి ఏడుస్తూ బసమ్మకు చెప్పింది. చెబుతుంటే సిద్దమ్మ వింది.

"దాన్ని ఎనక్కి తీసుకపో సిద్దక్కా, బిర్నా," అన్నాడు వెంకటేశులు.

"ఖాళీగానా?" బసమ్మ కళ్లెర్ర చేసింది. "వాకిలికొచ్చిన విమానం ఖాళీగా పోతాదా? అడుగు దాన్నే."

సిద్దమ్మను అడగాల్సిన పని లేదు. కట్టిన విమానం మనిషి లేకుండా ఆ వాకిలి దాటకూడదని ఆమెకు అత్త నేర్పింది. విరగ్గొడితే ఇంకో చావును పిలిచినట్టే. ఈ ముప్ఫై ఏళ్లలో అలాంటి అవసరం ఒక్కసారీ రాలేదు. ఆమె నాగవేణమ్మ వైపు చూసింది. ఈ మాటలన్నీ కొట్టిపారేసే మనిషి ఒకరుంటే ఆ మనిషే. ఇప్పుడు నవ్వుతుంది, బసమ్మను తిడుతుంది, కారెక్కుతుంది.

నాగవేణమ్మ గడపలో నిలబడి విమానాన్నే చూస్తోంది. కుడి పక్కన వదిలిన కిటికీని చూసింది. పెదాలు తెల్లబడ్డాయి. మెల్లగా వెనక్కి తిరిగి కుర్చీలో కూలబడింది.

"సోమవారం పోదాంలే కృతీ," అంది.

టీచరమ్మ కూడా భయపడింది! గ్రహణంలో ఉప్మా తినిపించిన టీచరమ్మ! సిద్దమ్మ తానే రాత్రి దాకా కూర్చుని నున్నగా గీకి, పూలు కట్టి, ఆమె చావును ఆమె వాకిట్లో తెచ్చి నిలబెట్టింది. పోయిందనుకుని ఏడ్చింది, ఇప్పుడు నిజంగానే పోగొట్టబోతోంది.

ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. మెట్లు దిగి, గేటు దాటి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, విమానంలోకి ఎక్కి గద్దె మీద కూర్చుంది. వెదురు కిర్రుమంది.

"ఇది నాకు కట్టుకున్నా," అంది గట్టిగా, వీధి మొత్తానికీ వినపడేలా. "టీచరమ్మది కాదు. బసమ్మవ్వా, ఖాళీగా లేదు సూడు. ఆమె విజయవాడలో దిగిందాకా నేను దిగను. పొమ్మను."

ఎవరో ఒకరు ఒక మాట అంటారని సిద్దమ్మ ఎదురుచూసింది. అయ్యో, నువ్వెందుకు, దిగు అని. అంటే దిగకూడదనే అనుకుంది. కానీ అంటారనుకుంది.

బసమ్మ కాసేపు ఆలోచించింది. "అట్లయితే సరే," అని మెట్ల మీద నుంచి లేచి పక్కకు జరిగింది. కృతి కళ్లు తుడుచుకుని పెట్టె తేవడానికి లోపలికి పరిగెత్తింది. వెంకటేశులు కారు డిక్కీ తెరిచాడు. చిటికెలో అంతా కదిలింది. తన ప్రాణం ఇంత తేలిగ్గా సరిపోతుందని సిద్దమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

పన్నెండుకు కారు కదిలింది. నాగవేణమ్మ కోడలి భుజం పట్టుకుని వచ్చి, వాకిట్లో కాసేపు నిలబడింది. తల ఎత్తలేదు. విమానం వైపు చూడకుండానే కారులో కూర్చుంది. కృతి పక్కన ఎక్కి తలుపు వేసింది.

బసమ్మ లోపల గడియ పెట్టుకుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. బంతిపూలు వడిలి వాసన వేస్తున్నాయి. వీధిలో పోయేవాళ్లు దండం పెట్టబోయి, కళ్లార్పుతున్న శవాన్ని చూసి అదిరిపడి, పక్క సందులోకి తిరిగిపోతున్నారు. ఎదురింటి ఆడమనిషి జాలిపడి చెంబుతో నీళ్లు తెచ్చింది. కిటికీలోంచి బసమ్మ గొంతు వచ్చింది. "దాన్ని ముట్టుకోవద్దు మే. ముట్టుకుంటే తలస్నానం చెయ్యల్ల." ఆమె చెంబును నాలుగు అడుగుల దూరంలో నేల మీద పెట్టి వెళ్లిపోయింది. దిగితే గానీ అందదు. సిద్దమ్మ ఆ చెంబునే చూస్తూ కూర్చుంది.

మూడున్నరకు రాణి కర్నూలు బస్సు దిగి ఆటోలో వచ్చింది. తల్లిని చూసి బ్యాగు కింద పడేసింది.

"ఏందిమా ఇది! దిగు! ముందు దిగు నువ్వు!"

"దిగను. నీళ్లియ్యి."

"ఎవరు కూకోమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదు."

"వద్దని ఎవరన్నారు?"

రాణి అందించిన చెంబును సిద్దమ్మ ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. రాణి అరిచింది, బసమ్మ గడియ పెట్టుకున్న తలుపును బాదింది, ఏడ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. వెదురు కట్లు ఎంత గట్టిగా ఉన్నాయో తల్లి కూడా అంత గట్టిగా ఉంది. చివరికి రాణి విమానానికి ఆనుకుని నేల మీదే చతికిలబడి ఫోన్ తీసింది.

ఐదూ ఇరవైకి, "ఎగిరింది," అంది.

ఫోన్ మీద పటం. దాని మీద చీమంత గుర్తు. సిద్దమ్మ వంగి చూసింది. టీచరమ్మ దాంట్లో ఉందంటే నమ్మబుద్ధి కాలేదు. "ఇంత నిదానంగా పోతాందేమే?"

"నిదానం కాదు మా. నల్లమల దాటేసింది."

తల్లీకూతుళ్లు ఆ గుర్తునే చూస్తూ కూర్చున్నారు. అది ఆగినట్టు కనపడినప్పుడల్లా సిద్దమ్మ రాణి భుజం నొక్కింది. ఆమె రెండు కాళ్లూ ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నడుము దగ్గర బద్ద ఒత్తుకుంటోంది. గంటా పది నిమిషాలు ఎంత పొడుగో, ఆ పొద్దు ఆమె నిమిషం నిమిషం లెక్కన చూసింది. ఆరున్నరకు గుర్తు ఆగిపోయింది. పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"దిగినాను సిద్దమ్మా," అంది నాగవేణమ్మ. గొంతు నీరసంగా ఉన్నా స్పష్టంగా ఉంది. "రాఘవేంద్ర ఎదురుగానే ఉన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టినారు."

"బాగుండారా టీచరమ్మా?"

"బాగున్నా. నువ్వు దిగినావా?"

"లేదు."

"ఇంకా కూర్చున్నావా! అప్పటి నుంచా!"

"మీరు దిగిందాకా అంటి గదా."

నాగవేణమ్మ గొంతు పూర్తిగా మారిపోయింది. "వద్దనాలని నోటిదాకా వచ్చింది సిద్దమ్మా. వాకిట్లో నిలబడింది దానికే. అంటే నువ్వు దిగుతావు, దిగితే నేను ఆగిపోతానని మింగేసినా. నేను ఇవన్నీ నమ్మను. అయినా మింగేసినా. నాకు బతకాలనిపించింది."

సిద్దమ్మ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. గద్దె ఎక్కినప్పటి నుంచీ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

"నాకూ ఉంది టీచరమ్మా, బతకాలని," అంది.

నాగవేణమ్మ ఫోన్ పెట్టేయలేదు. సిద్దమ్మ దాన్ని కూతురికి అందించి, రెండు చేతులతో గుంజలు పట్టుకుని, మొద్దుబారిన కాలిని ఒక్కొక్కటిగా నేల మీదికి దించింది.